ఫ్లెక్సీకెక్కదలచిన ముఖానికి కొన్ని సూచనలు

నెల్లూరు వీఆర్సీ సెంటర్లో గానీ, ఒంగోలు అద్దంకి బస్టాండు దగ్గర గానీ కాసేపు నిలబడి తలెత్తి చూసినవారెవరికైనా, మన రెండు జిల్లాల్లో నలభై దాటిన మగవాడే లేడన్న సత్యం బోధపడుతుంది. మీసం నల్లన, మేనిఛాయ తెల్లన, చెంపన ఒక్క మచ్చయినా కనబడదు. ఇంతటి ఆరోగ్యం ఈ గడ్డకు ఫ్లెక్సీల వల్లే సిద్ధించింది గనుక, వాటికెక్కదలచిన కొత్తవారి కోసం ఫొటోలో అందంగా పడే విద్యను వివరించడం సమంజసంగా తోస్తున్నది.

ముందుగా ముక్కు సంగతి చూడాలి. చెయ్యి చాచి మనకు మనమే తీసుకునే ఫొటోలో కెమెరాకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ముక్కే గనుక, అది ఉన్నదానికంటే పెద్దదై, చెవులు వెనక్కి తగ్గిపోతాయి. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు వెడల్పు సుమారు 30 శాతం పెరిగినట్లు కనిపిస్తుందని 2018లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. 5 అడుగుల దూరంలో ఆ తేడా దాదాపు ఉండదు. అయితే ఐదడుగుల అవతల నిలబడి ఫొటో తీసేవాడు నాయకుడి పక్కన పడలేడు. అంతటి త్యాగానికి అనుచరుల్లో ఎవరూ సిద్ధపడనందువల్ల, మన ముక్కులకు ఈ గతి పట్టింది.

వెలుతురు విషయంలో ప్రకృతి మనకు అనుకూలమే. మన తీరం తూర్పుముఖంగా ఉంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో సూర్యోదయాన సముద్రాన్ని వెనకపెట్టుకుని నిలబడితే సూర్యుడూ వెనకే ఉంటాడు గనుక, ముఖం పోయి ఆకారం మిగులుతుంది. అదే చోట సాయంత్రం నిలబడితే పడమటి ఎండ వాలుగా ముఖం మీద పడి, వెనక కెరటాలతో సహా అన్నీ దక్కుతాయి. మనవాళ్ళు ఈ రెండు వేళలనూ విడిచి ఆదివారం మిట్టమధ్యాహ్నం పోతారు. నడినెత్తిన ఉన్న సూర్యుడు కనుబొమల నీడను కళ్ళలోకి దించి గుంటలు తవ్వుతాడు. ఆ గుంటలను కప్పడానికే కూలింగ్ గ్లాసులు పుట్టాయని విజ్ఞుల నమ్మకం.

నిలబడే తీరు నేర్చుకోవడానికి పొరుగూరికి పోనక్కరలేదు, ఒంగోలు గిత్తను చూస్తే చాలు. బండలాగుడు పోటీలకు వచ్చిన గిత్తను పక్కవాటున నిలబెట్టి తీస్తేనే మూపురం ఎత్తు, గంగడోలు సొగసు తెలుస్తాయి. అది పళ్ళికిలించదు, బొటనవేలు ఎత్తి చూపదు. దాని సంతతి బ్రెజిల్ దాకా పోయి నెలోర్ అన్న పేరుతో వర్ధిల్లుతున్నది. పక్కనున్న యజమాని మాత్రం పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, ఫొటో తీసేవాడు ఫోను దించేదాకా ప్రాణాపాయంలో ఉంటాడు. ప్రకాశం పంతులు 1928లో మద్రాసులో, సైమన్ కమిషన్‌ను ఎదిరించి తుపాకుల ముందు రొమ్ము చూపినప్పుడు తనది ఏ పక్క బాగుంటుందో ఆలోచించి ఉండరు. నేటి అనుచరులుంటే, ‘పంతులుగారూ, ఇంకొక్కసారి’ అని సిపాయిలను కూడా సర్ది నిలబెట్టేవారు.

ఎంత జాగ్రత్తగా తీసినా, ‘ఇది నా ముఖం కాదు’ అనడం మన ఆచారం. అందులో కొంత న్యాయముంది. అద్దంలో కుడియెడమలు తారుమారైన ముఖమే మనకు అలవాటు, ఫొటోలో పడేది లోకం చూసే ముఖం. ఈ చిక్కు విప్పే భారం ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడి మీద పడుతుంది. పగలంతా రొయ్యల గుంటల గట్ల మీద ఎండలో తిరిగే మనిషిని అతడు నిమిషాల్లో పాలమీగడ రంగులోకి తెస్తాడు. నమస్కారం పెట్టిన చేతులను మాత్రం మరిచిపోతాడు గనుక, ముఖం ఒకరిది, చేతులు వేరొకరివి అవుతాయి. చేతుల రంగే ముఖానికీ ఉంటే తప్పేమిటని ఏ అనుచరుడూ అడగడు. ‘అన్నా, ఇంకొంచెం తెల్లగా చేయించమంటావా?’ అని అడుగుతాడు.

ఫొటో ఎంపికలో దూరదృష్టి కూడా అవసరం. పుట్టినరోజు ఫ్లెక్సీకి వాడిన ఫొటోయే అశ్రునివాళికీ పనికొస్తుంది. ఆ తొందరలో ఇంట్లోవాళ్ళు ఫోనులో ముందు దొరికినదే పంపుతారు, కుర్రవాడు పై అక్షరాలు మాత్రం మారుస్తాడు. కూలింగ్ గ్లాసులతో, రెండు వేళ్ళెత్తి విజయం ప్రకటిస్తూ స్వర్గస్థులైనవారిని చూసి, దండం పెట్టాలో అభినందించాలో దారినపోయేవారు తేల్చుకోలేకపోతున్నారు. కనుక కళ్ళద్దాలు తీసి తీయించుకున్న ఫొటో ఒకటి ఇంట్లో ముందే అప్పగించి, కంప్యూటరులో దండ వేయడానికి వీలుగా మెడ కింద జానెడు చోటు వదిలించుకోవాలి.