రూపం మారితే మనిషే మారిపోతాడా? ఆ ఆరు పాయింట్ల ఫార్వర్డ్‌కు నా జవాబు

మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పైన ఎర్రక్షరాలతో 'మీ రూపమే మీ వ్యక్తిత్వం', కింద ఆరు పాయింట్లు, అడుగున 'ఇదంతా సైన్స్ రుజువు చేసినదే' అని ఒక ముద్ర. అంతకుముందే మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, డిగ్రీ స్నేహితుల గ్రూపులోనూ అది చూసి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. కారణం, దాని కింద మా పెద్దత్త రాసిన ఒక్క వాక్యం: "మన చిన్నదానికి చూపించండి, ఇంటర్వ్యూలకు వెళ్తోంది కదా."

చిన్నది అంటే మా అక్క కూతురు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. చామనఛాయ. పెద్దత్త మాట వెనక ఏముందో తెలుగింట్లో పెరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. రూపానికి ఏ ప్రభావమూ లేదని నేను అనడం లేదు. ఉంది, కొన్నిచోట్ల గట్టిగానే ఉంది. కానీ అది ఎటునుంచి ఎటు పోతుందన్న దగ్గర ఈ ఫార్వర్డ్ తప్పులో కాలేసింది. ముక్కు తీరును బట్టి లోపల గుణం తయారవదు. మన ముఖం చూసి ఎదుటివాళ్ళు మనతో ఎలా మసులుతారు, వాళ్ళు చూస్తున్నారని మనం ఏమేం ఊహించుకుంటాం, ఈ రెండు దారుల్లోనే రూపం మన ధైర్యాన్నీ మూడ్‌నీ తాకుతుంది. ఇక పాయింట్లలోకి వస్తాను.

1. "మనం ఎదుటివారి మీద వేసే ముద్రలో 55 శాతం రూపానిది, 38 శాతం గొంతుది, మాటలది 7 శాతమే."

వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో తరచూ చూపించే స్లైడే ఇది. లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. 1967లో వచ్చిన రెండు చిన్న ప్రయోగాల నుంచి తీసినది. ఒకదాంట్లో 'మేబీ' అనే ఒకే మాటను ఇష్టంగా, అయిష్టంగా, మామూలుగా పలికించి వినిపించారు. దానితోపాటు రకరకాల భావాలు పలికే ముఖాల ఫొటోలు చూపించారు. గొంతు ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతుంటే మనం దేన్ని నమ్ముతాం అన్నదే ప్రశ్న. "నాకేం కోపం లేదు" అని మూతి ముడుచుకుని అంటే మూతినే నమ్ముతాం కదా, అదీ సంగతి. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడే సందర్భంలో తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పాడు. పైగా ఆ 55 శాతం ముఖంలో కనిపించే భావానిది, అందానిది కాదు. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు భావం తీసేసి ఆ చోట రూపం పెట్టేశాడు.

మాటల వాటా నిజంగా అంతే అయితే, ఫోన్లో గంటసేపు మాట్లాడే మా పెద్దత్త చెప్పినదాంట్లో సగానికి పైగా నాకు అందకూడదు. అంత అదృష్టం నాకు లేదు.

2. "ముఖం చూస్తే మనిషి గుణం తెలిసిపోతుంది."

ఇటలీ డాక్టర్ చెజారే లొంబ్రోసో 1876లో దీని మీద పుస్తకమే వేశాడు. దవడ, చెవులు, నుదురు చూసి పుట్టు నేరస్థుల్ని గుర్తుపట్టొచ్చన్నాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టర్ సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసి, బయటివాళ్ళ కొలతలతో పోల్చి, 1913లో ఫలితాలు ప్రచురించాడు. లొంబ్రోసో చెప్పిన 'నేరస్థుడి రూపం' అంటూ ఏదీ ఆయనకు దొరకలేదు.

అయినా నమ్మకం పోలేదు. ఎందుకంటే మనకు తొందరెక్కువ. 2006లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరొవ్ కొత్త ముఖాల్ని సెకనులో పదోవంతు సేపే చూపించి, ఈ మనిషి నమ్మదగ్గవాడా అని అడిగారు. ఆపాటి సమయంలోనే జనం ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకాస్త టైమిచ్చినా అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద ధీమా మాత్రం పెరిగింది. వెంటనే తేల్చేయడం వేరు, సరిగ్గా తేల్చడం వేరు. మేడిపండు సామెత వల్లించేదీ మనమే, పెళ్ళిచూపుల్లో పది నిమిషాలు చూసి "పిల్ల నెమ్మదస్తురాలు" అని సర్టిఫికెట్ ఇచ్చేదీ మనమే.

3. "అందంగా ఉన్నవాళ్ళకు ఆత్మవిశ్వాసం, కలుపుగోలుతనం పుట్టుకతోనే వస్తాయి."

ఆరింటిలో కాస్త పస ఉన్న పాయింట్ ఇదే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

1977లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్క్ స్నైడర్, ఆయన సహ పరిశోధకులు ఒక తమాషా ప్రయోగం చేశారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒకరికొకరు తెలియరు. పది నిమిషాలు ఫోన్లో మాట్లాడుకోవాలి. మాటలకు ముందు అబ్బాయి చేతికి "ఈ అమ్మాయే" అని ఒక ఫొటో ఇచ్చారు. కొందరికి అందమైన ఫొటో, కొందరికి అంతంతమాత్రం ఫొటో. నిజానికి ఆ ఫొటోకూ, ఫోన్లో ఉన్న అమ్మాయికీ ఏ సంబంధం లేదు. ఫొటో సంగతి అమ్మాయికి తెలియనే తెలియదు. తర్వాత అమ్మాయి మాటల్ని మాత్రమే విడదీసి, ఈ కథేమీ తెలియనివాళ్ళకు వినిపించి మార్కులు వేయమన్నారు. అందగత్తె అని అబ్బాయి అనుకున్న అమ్మాయిలకు స్నేహశీలత, కలుపుగోలుతనం విషయంలో ఎక్కువ మార్కులు పడ్డాయి.

ఆ చొరవ ఎక్కడినుంచి వచ్చింది? ఆమె ముఖం నుంచి కాదు, ఆమె ముఖం అతను చూడనే లేదు. అందగత్తెతో మాట్లాడుతున్నానని అనుకున్న అబ్బాయి హుషారుగా, మర్యాదగా మాట్లాడాడు. అలా మాట్లాడేవాడితో ఎవరైనా బాగానే మాట్లాడతారు. ఇదే పది నిమిషాలు కాకుండా ఇరవై ఏళ్ళు జరిగితే? ఇంటికొచ్చిన చుట్టాలు ఒక పిల్లను దగ్గరకు తీసుకుని, పక్కనే ఉన్న ఇంకో పిల్లతో "నువ్వు మంచినీళ్ళు పట్రా అమ్మా" అంటూ ఉంటే, ఒకరికి చలాకీతనం, ఒకరికి బిడియం అలవాటవుతాయి. తర్వాత దాన్నే పుట్టుక అంటాం.

అలన్ ఫైన్‌గోల్డ్ అనే పరిశోధకుడు 1992లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశాడు. అందానికీ, తెలివితేటలకీ, వ్యక్తిత్వ లక్షణాలకీ సంబంధం నామమాత్రం. నలుగురిలో ఇబ్బంది పడకుండా మెలగడానికి మాత్రం కొంత సంబంధం కనిపించింది. ఇంకో సంగతి కూడా తేలింది: ఇతరులు వేసిన అందం మార్కుల కన్నా, "నేను బాగుంటాను" అని ఎవరికి వాళ్ళు వేసుకున్న మార్కులకే ఆత్మగౌరవం లాంటివాటితో ఎక్కువ సంబంధం ఉంది.

డబ్బు సంగతి కూడా దాచను. 1994లో డేనియల్ హమర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు అమెరికా, కెనడా లెక్కలు తీస్తే, చూడ్డానికి సాధారణం కన్నా తక్కువగా ఉన్నారనిపించినవాళ్ళ సంపాదన మిగతావాళ్ళ కన్నా 5 నుంచి 10 శాతం తక్కువగా ఉంది. ఇది నిజమైన అన్యాయం. కానీ ఇది జీతమిచ్చేవాళ్ళ చూపులో ఉన్న దోషం. ఫార్వర్డ్ దాన్ని తీసుకొచ్చి జీతగాడి మొహానికి పూసింది.

4. "ముఖంలో చిన్న లోపమున్నా జనం చూపు దాని మీదే పడుతుంది. ముందు దాన్ని దాచండి."

1980లో డార్ట్‌మత్ కాలేజీలో రాబర్ట్ క్లెక్, ఆంజెలో స్ట్రెంటా కొందరి చెంప మీద మేకప్‌తో పెద్ద గాటు వేసి అద్దంలో చూపించారు. పక్క గదిలోకి వెళ్ళి ఒకరితో మాట్లాడి రమ్మన్నారు. పంపేముందు "గాటు పగుళ్ళివ్వకుండా కాస్త క్రీము రాస్తాం" అని చెప్పి, వాళ్ళకు తెలియకుండా దాన్ని పూర్తిగా తుడిచేశారు. అంటే లోపలికి వెళ్ళింది మామూలు ముఖంతోనే. తిరిగొచ్చాక ఏం చెప్పారంటే, ఎదుటిమనిషి ఇబ్బందిగా చూశాడని, జాలి పడ్డట్టు మాట్లాడాడని. లేని గాటు వల్ల!

2000లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ గిలోవిచ్ బృందం, విద్యార్థులకు సిగ్గనిపించే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి నలుగురున్న గదిలోకి పంపింది. సగంమంది దాకా గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. గమనించింది నాలుగోవంతు లోపే.

నా సంగతీ చెబుతాను. నాకు పై వరుసలో ఒక పన్ను కాస్త ముందుకు ఉంటుంది. ఇంటర్ రెండేళ్ళూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను. మొన్న పాత స్నేహితులం కలిసినప్పుడు ఒకామె అడిగింది, "నువ్వెప్పుడూ నోటికి చెయ్యి ఎందుకు పెట్టుకునేదానివే?" అని. పన్ను ఎవరికీ గుర్తులేదు. చెయ్యే గుర్తుంది.

అందరికీ ఇంత తేలిగ్గా పోదు. కనపడని లోపం కోసం రోజూ గంటలకొద్దీ అద్దం ముందు గడిపేవాళ్ళు ఉన్నారు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు, అది మానసిక వైద్యం కావాల్సిన జబ్బు. ముక్కుకో చర్మానికో సర్జరీ చేయించుకున్నంత మాత్రాన సాధారణంగా తగ్గదు. అలాంటివాళ్ళకు "దాచండి" అని సలహా ఇవ్వడం నిప్పులో నెయ్యి పోయడమే.

5. "రెండు నిమిషాలు నడుం మీద చేతులేసుకుని నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుంది. అద్దంలో నవ్వితే డిప్రెషన్ పోతుంది."

నిలబడే సంగతి 2010 నాటి, 42 మంది మీద చేసిన ప్రయోగం. ఆ పరిశోధకుల్లో ఒకరైన ఏమీ కడీ 2012లో ఇచ్చిన టెడ్ ప్రసంగంతో ప్రపంచమంతా పాకింది. 2015లో ఎవా రానెహిల్ బృందం 200 మందితో మళ్ళీ చేస్తే, కొంచెం ధైర్యంగా అనిపించిందన్నారు కానీ హార్మోన్లు కదల్లేదు. 2016లో మొదటి పరిశోధకురాలు డేనా కార్నీయే ఆ ఫలితాల మీద తనకు నమ్మకం లేదని బహిరంగంగా రాసింది. నవ్వు విషయంలో 2022లో 19 దేశాల్లో దాదాపు 3,900 మందితో చేసిన అధ్యయనంలో, నవ్వు ముఖం పెడితే ఆ క్షణానికి కొద్దిగా సంతోషం పెరిగినట్టు తేలింది. కొద్దిగా, ఆ క్షణానికి. డిప్రెషన్ ప్రసక్తే లేదు.

తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ డిప్రెషన్‌లో ఉన్న మనిషికి తల దువ్వుకోవడమే కొండ ఎక్కినంత పని. అక్కడ రూపం చెడి మనసు చెడలేదు, మనసు బాగాలేక రూపం పట్టించుకోలేదు. అలాంటి మనిషిని "కాస్త తయారవ్వు, అదే పోతుంది" అని సతాయించకండి.

6. "రంగు తేలితే ఆత్మవిశ్వాసం దానంతటదే వస్తుంది."

పెద్దత్త చూపించమన్నది దీన్నే. మన భాషలోనే ఇది నానిపోయి ఉంది. తెల్లగా ఉంటే "ఎర్రగా బుర్రగా ఉంది" అంటాం. లేకపోతే "నల్లగా ఉన్నా కళగా ఉంటుంది" అంటాం. ఆ 'ఉన్నా' చాలు, పిల్ల పదిమందిలోకి రావడానికి వెనకాడటానికి.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. ఉద్యోగమో పెళ్ళో రాని నల్లపిల్ల, తెల్లబడగానే అన్నీ వచ్చేయడం అనే కథ దశాబ్దాల పాటు ప్రకటనల్లో నడిచింది. ముదురు రంగు వాళ్ళను దిగులుగా, ఓడిపోయినట్టుగా చూపించకూడదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' పోయింది. మనిషిలో ముందు దిగులు పుట్టించి, తర్వాత దానికి మందు అమ్మడం ఎలాగో తెలియాలంటే ఆ పాత ప్రకటనలు చూస్తే చాలు.

క్రీముల కన్నా నాకు భయం మెడికల్ షాపుల్లో చేతికిచ్చే ట్యూబులంటే. డిగ్రీలో నేనూ ఒకటి వాడాను. మా వీధి చివర షాపాయన ఇచ్చాడు, "అందరూ ఇదే పట్టుకెళ్తున్నారమ్మా" అని. నెలలో మొహం నిగనిగలాడింది. ఆరు నెలలకు ఎండలోకి వెళ్తే మంట, మానేస్తే ఎర్రగా కందిపోయి మొటిమలు. అందులో ఉన్నది స్టిరాయిడ్. ఎగ్జిమా లాంటి చర్మ జబ్బులకు డాక్టర్ కొన్ని రోజులకని రాసే రకం మందు. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్న రక్తనాళాలు బయటికి కనపడతాయి, కొందరికి వెంట్రుకలు మొలుస్తాయి. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. నాకు ఆ ఆరు నెలల్లో వచ్చిన ఆత్మవిశ్వాసం సంగతి అడక్కండి, కాలేజీకి చున్నీ కప్పుకుని వెళ్ళాను.

గ్రూపులో ఇంత రాయలేదు. "అత్తయ్యా, ఆ ఆరో పాయింట్ ప్రకారం నేను ఒకసారి చేసి చూశాను" అని మాత్రం పెట్టి, అక్క కూతురికి విడిగా ఫోన్ చేశాను. అప్పటికే ఎవరో ఇచ్చిన ట్యూబు మూడు వారాలుగా రాస్తోందట. ఒక్కసారిగా మానేయొద్దు, చర్మ డాక్టర్ దగ్గరకు వెళ్దాం, ట్యూబు కూడా సంచిలో వేసుకో అని చెప్పాను. డాక్టర్‌కి ముందుగా కావాల్సింది దాని మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న మందు పేరే.