కళాయిలో కలిసే సీసానికి జవాబుదారీ ఎవరు?

నిరుడు వేసవిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంబజార్‌లో ఒక ఇత్తడి గిన్నె కొని, అక్కడే కళాయి, అంటే లోపలివైపు తగరపు పూత, వేయించుకొని తెచ్చుకున్నాను. చింతపండు చారు ఇత్తడి గిన్నెలో మరిగితేనే రుచి అని మా అమ్మ అనేది. ఆ చారన్నమే తిన్న నా మనవరాలికి ఏడాది నిండగానే ఇక్కడ అమెరికాలో మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 6 మైక్రోగ్రాములు ఉన్నట్టు తేలింది. ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల విషయంలో హెచ్చరికగా పాటిస్తున్న అంకె 3.5. ఇంటికి వచ్చిన ఆరోగ్యశాఖ ఉద్యోగిని గోడల రంగు గురించి అడిగి, వెంటనే పసుపు, కాటుక, వంటపాత్రల సంగతి అడిగారు. గిన్నె పక్కన పెట్టిన కొన్ని నెలలకు ఆ అంకె దిగింది.

కళాయికి వాడవలసింది స్వచ్ఛమైన తగరం. తగరం ఖరీదైనది, సీసం చవక, పైగా అది కలిస్తే తగరం ఇంకా తేలికగా కరుగుతుంది కనుక రెండింటినీ కలిపేస్తారు. పులుపు తగిలిన కొద్దీ ఆ సీసం వంటలోకి దిగుతుంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పసిపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని, హాని చేయని మోతాదు అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

భారతదేశంలో నిబంధనలు లేవనడం అన్యాయం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించరాదన్న నియమం 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ 2024లో ఉత్తర్వు ఇచ్చారు. అయితే ఒక్కో వస్తువుకు ఒక్కో ఉత్తర్వు ఇచ్చుకుంటూ పోతే, సందులో పొయ్యి పెట్టుకొని కళాయి వేసే మనిషి వరకు ఏ ముద్రా చేరదు. ఆ మనిషిని శిక్షించమని నేను కోరను. ఆ పొగ మొదట పీల్చేది అతడే. తనకు అమ్మిన తగరపు కడ్డీలో ఏముందో అతడికీ తెలియదు. తనిఖీ జరగవలసింది ఆ కడ్డీలు అమ్మే టోకు దుకాణంలో.

అందుకే హద్దును వస్తువుకు కాక విషపదార్థానికే విధించాలని, తిండిని, చర్మాన్ని, పిల్లల నోటిని తాకే ప్రతిదానికీ అది వర్తించాలని నా అభిప్రాయం. అధికారులు బేగంబజార్‌లో మామూలు కొనుగోలుదారుల్లా నమూనాలు కొని, పరీక్ష ఫలితాలను సరుకు పేరుతో సహా తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. ఇక్కడ అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వెనక్కి రప్పించే ప్రతి వస్తువు వివరాలూ ఫొటోతో సహా అందరికీ కనబడతాయి. అయినా, ఇంటి రంగుల్లో సీసానికి 1978లో 600 పీపీఎం హద్దు పెట్టిన అమెరికా దాన్ని 2009లో గానీ 90కి దించలేదు. హైదరాబాద్ పిల్లలు అన్నేళ్లు ఆగలేరు. మన సంఘం తరఫున తెలంగాణ ప్రభుత్వానికి ఈ విన్నపం పంపాలని, దానిపై తొలి సంతకం నాదై ఉండాలని కోరుతున్నాను.