‘అందరి యెదుట’ అనే ఇబ్బందికరమైన మాట

బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయానికి ఒక చిన్న సవరణ ప్రతిపాదించక తప్పని పరిస్థితి వచ్చింది. పదిహేడో వచనంతో మాకు ఏ పేచీ లేదు. బాగా పాలించే సంఘ పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని అది సెలవిస్తుంది, దాన్ని ప్రతి సన్మాన సభలోనూ నిలబడి చదివిస్తాం. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దనే పద్దెనిమిదో వచనాన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం; ఎద్దుకు వేయక మిగిలిపోయిన చిక్కాలు మందకు సరిగ్గా సరిపోయాయి. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే తప్ప పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దనే పంతొమ్మిదో వచనమైతే మా సంఘ క్రమశిక్షణ కమిటీకి ప్రాణవాయువు, ఎందుకంటే తలుపు వేసిన గదిలో జరిగినదానికి ఇద్దరు ముగ్గురు సాక్షులు దొరకడం అరుదు. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్న ఇరవై మూడో వచనాన్ని కూడా ఎవరూ మరచిన దాఖలాలు లేవు. ఎటొచ్చీ నడుమనున్న ఇరవయ్యో వచనమే పంటి కింద రాయిలా తగులుతోంది: “ఇతరులు భయపడునట్లు పాపము చేయువారిని అందరియెదుట గద్దింపుము.”

ఇది సామాన్య విశ్వాసుల గురించి చెప్పిన మాట అని సర్దుకుందామంటే, ముందు వచనాలన్నీ పెద్దల గురించే నడుస్తున్నాయి. ఆ దారి మూసుకుపోయాక ‘అందరు’ అంటే ఎవరు అనే ప్రశ్నను కమిటీ చేతికి తీసుకుని, మూడు సమావేశాల సుదీర్ఘ ప్రార్థన తరువాత, ‘అందరు’ అనగా కమిటీ సభ్యులైన అయిదుగురు అని నిర్ధారించింది. ఆ అయిదుగురిలో ఒకరు మా పాస్టరైన కాపరిగారి బావమరిది, ఒకరు వియ్యంకుడు, మూడో ఆయన కాపరిగారి దగ్గర జీతం తీసుకునే వ్యక్తి; కాబట్టి పక్షపాతానికి తావు లేదు, అందరిదీ ఒకే పక్షం.

అంతకుముందే మత్తయి పద్దెనిమిదో అధ్యాయం మాకు ఎంతగానో అక్కరకు వచ్చింది. నీ సహోదరుడు నీ యెడల తప్పు చేస్తే ముందు నువ్వు ఒక్కడివే వెళ్లి అతనికి తెలియజెయ్యాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఈ మెట్ల వరుసలో మొదటి మెట్టు అంటే మాకు వల్లమాలిన అభిమానం. ఒక సహోదరి మా ముందు కూర్చుని, కాపరిగారు ప్రార్థన పేరుతో గదిలోకి పిలిచి ఎలా ప్రవర్తించారో చెప్పినప్పుడు, మా అధ్యక్షులు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “మరి ఏకాంతంగా వెళ్లి ఆయనతో మాట్లాడావా, అమ్మా?” అని ఎంతో మృదువుగా అడిగారు. ఆమె కాసేపు ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఏకాంతంగా వెళ్లడం వల్లనే కదా ఈ ఫిర్యాదు పుట్టింది అని ఆమె అనలేదు. అనుంటే అది అవిధేయతగా నమోదయ్యేది. లేఖన క్రమం పూర్తి కానందున ఫిర్యాదును వెనక్కి పంపించాం. మూడో మెట్టు మీద కాలు పెట్టినవాళ్లను మేమింతవరకు చూడలేదు.

“నేను అభిషేకించినవారిని ముట్టకూడదు” అనే నూట అయిదో కీర్తనలోని మాట మా మరో బలమైన ఆధారం. అయితే మా యువ సభ్యుడొకడు, పిల్లవాడు అనవసరంగా చదువుతాడు, ఆ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి చెబుతున్నదని, ‘ముట్టడం’ అంటే హాని చేయడమే గాని తప్పు చెప్పడం కాదని, దానికి ముందు వచనంలోనే దేవుడు వారి కోసం రాజులను గద్దించాడని ఉందని గుర్తుచేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆదికాండం ఇరవయ్యో అధ్యాయం తెరిచి, భార్యను చెల్లెలని చెప్పిన అబ్రాహామును అబీమెలెకు పిలిపించి ‘మాకు చేసిన పని ఏమిటి’ అని నిలదీశాడని, అంటే అభిషిక్తుణ్ణి ముట్టనివ్వని దేవుడే ఒక అన్యరాజు చేత ఆయనకు చీవాట్లు పెట్టించాడని చదివి వినిపించాడు. ఆ అబ్బాయిని పాటల బృందానికి బదిలీ చేశాం.

మాకు ఆదర్శం యాజకుడైన ఏలీ. ఆయన కుమారులు బలి మాంసాన్ని జనం చేతుల్లోంచి లాక్కున్నారు, గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలతో పాపం చేశారు. ఏలీ వారిని పిలిచి, మీ గురించి వినబడుతున్నది మంచిది కాదని తండ్రిలా మందలించి, ఎవరి పదవిలో వారిని కొనసాగనిచ్చాడు. మా కమిటీ తీర్మానాలన్నిటికీ మాతృక అదే. ఆయన తొంభై ఎనిమిదో ఏట ఆసనం మీదినుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోవడాన్ని ఆసనం తయారీలోని లోపంగానే మేము భావిస్తున్నాం.

ఇతర సంఘాల అనుభవం కూడా పరిశీలించాం. 390లో తెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియోడోసియస్ చక్రవర్తిని మిలాను బిషప్ అంబ్రోసు ప్రభు బల్ల దగ్గరకు రానివ్వక, బహిరంగంగా పశ్చాత్తాపపడేలా చేశాడు. చక్రవర్తిని గద్దించడం సంఘానికి చేతనవును గాని, బిషపును గద్దించడమే తరువాతి కాలంలో చెయ్యి తిరగని పనైంది. అమెరికాలోని బోస్టన్‌లో పిల్లలపై అత్యాచారాల ఆరోపణలున్న ఫాదరీలను గద్దించడానికి బదులు ఒక చర్చి నుంచి మరో చర్చికి బదిలీ చేస్తూ వచ్చారు. 2002లో ఒక దినపత్రిక ఆ దస్త్రాలన్నీ బయటపెట్టాక, ఆ డిసెంబరులో అక్కడి ఆర్చ్‌బిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు, 2004లో రోములోని ప్రసిద్ధ బాసిలికాలలో ఒకదానికి అధిపతిగా నియమితులయ్యారు. గద్దింపు అంటే ఇంత హుందాగా ఉండాలి. అదే దేశంలోని ప్రొటెస్టెంట్ శాఖ అయిన దక్షిణ బాప్టిస్టులు మరింత క్రమబద్ధంగా వ్యవహరించారు. ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్లతో కార్యాలయంలో ఏళ్ల తరబడి ఒక జాబితా పెట్టుకున్నారు, 2022లో స్వతంత్ర విచారణ నివేదిక వచ్చేదాకా అది సంఘాల కంట పడనివ్వలేదు. తప్పులు లెక్కపెట్టలేదని వారినెవరూ అనలేరు. ఇక పోపు ఫ్రాన్సిస్ 2019 డిసెంబరులో ఇలాంటి కేసులపై ఉన్న ‘పొంతిఫికల్ రహస్యం’ అనే వాటికన్ గోప్యతా ముద్రను ఎత్తివేశారని తెలిసి మా కమిటీ రెండు నిమిషాలు మౌనం పాటించింది.

అయినా బయటికి పొక్కే సందర్భాలు తప్పవు గనుక, ప్రకటన రాయడంలో మేము కొంత నైపుణ్యం సంపాదించాం. మొన్నటి ప్రకటన మొదటి ప్రతిలో ‘పాపం’ అని ఉంది. ఒకరు దాన్ని కొట్టేసి ‘తప్పిదం’ అని రాశారు. వియ్యంకుడుగారు ‘తప్పిదం’ మీద గీత గీసి ‘పొరపాటు’ చేశారు. ‘పొరపాటు’ అంటే ఒప్పుకున్నట్టవుతుందని ‘లోటుపాట్లు’ అన్నాం, ఎవరివని అడుగుతారేమోనని ‘కొన్ని విషయాలు’ అన్నాం. రాత్రి పదకొండున్నరకు కాగితం మీద మిగిలింది, “కొన్ని విషయాలు జరిగినట్లుగా కొందరు భావిస్తున్నందుకు కాపరిగారు ఎంతో వేదన చెందుతున్నారు” అనే వాక్యం. ఆదివారం దాన్ని చదువుతూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. సంఘమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆఖరి వరసలో ఒకరు మాత్రం లేవలేదు.

ఈ నైపుణ్యం అపొస్తలుడైన పేతురుకు అందుబాటులో లేకపోవడం సంఘ చరిత్రలో పెద్ద విషాదం. అంతియొకయలో ఆయన అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము సంఘ నాయకుడైన యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే భయపడి వేరైపోయాడు. ఆయనను చూసి మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా, అదే దారి పట్టారు. పౌలు ఏకాంతం కోసం ఎదురుచూడకుండా, అందరి యెదుటనే ఆయనను నిలదీశాడు. మేమే అక్కడ ఉండుంటే ఈ కింది ప్రకటన ఆ సాయంత్రానికే సిద్ధమయ్యేది:

“అంతియొకయ సంఘంలో భోజన ఏర్పాట్ల విషయమై వ్యాపిస్తున్న వదంతులు మా దృష్టికి వచ్చాయి. పెద్దలు పేతురు గారు బల్ల దగ్గరి నుండి లేచిన మాట వాస్తవమే గాని, వారి ఉద్దేశాన్ని కొందరు అపార్థం చేసుకున్నారు. పెంతెకొస్తు దినాన ఒక్క ప్రసంగంతో మూడు వేల మందిని సంఘంలో చేర్చిన దైవజనునిపై, ఒకప్పుడు ఆ సంఘాన్నే హింసించిన వ్యక్తి నిందలు మోపడం వెనుక ఏ శక్తులున్నాయో విశ్వాసులు వివేచించాలి. పేతురు గారు వచ్చే ఆదివారం యథావిధిగా ప్రసంగిస్తారు.”

పేతురు ఇలాంటిదేమీ విడుదల చేసినట్టు ఎక్కడా లేదు. పైగా ఆయన పేరనున్న రెండో పత్రికలో “మన ప్రియ సహోదరుడైన పౌలు” అని రాసి ఉంది. నలుగురిలో పరువు తీసినవాణ్ణి ప్రియ సహోదరుడని పిలవడం నాయకత్వ లక్షణం కాదని మా అధ్యక్షులు అభిప్రాయపడ్డారు.

అంతమాత్రాన మేము ఇరవయ్యో వచనాన్ని అటకెక్కించామని కొందరు చేస్తున్న ప్రచారంలో నిజం లేదు. ఆ వచనం అమల్లోనే ఉంది. వెనక్కి పంపిన ఫిర్యాదు సంగతిని ఆ సహోదరి తన తల్లితో చెప్పుకున్నట్టు, తల్లి మరో ఇద్దరితో అన్నట్టు విశ్వసనీయంగా తెలిసింది. కొండెములు చెప్పడం, సంఘ ఐక్యతను చెరపడం అనే నేరాల కింద, వచ్చే ఆదివారం రెండో ఆరాధనలో, కాపరిగారి చేతనే, ఇతరులు భయపడునట్లు, ఆమెను అందరి యెదుట గద్దించాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈసారి సాక్షులు ముగ్గురున్నారు.