సగం నడిచిన కేసుకు వకీలు ఎందుకు దొరకడు?

కొత్త కేసుకు వకీలు దొరకడం అంత కష్టం కాదు. సగం నడిచిన కేసుకే దొరకడు. చిన్న పట్టణాల్లో బార్, అంటే లాయర్లంతా, ఒకే హాలు. మొదటి లాయరు ‘నో అబ్జెక్షన్’ (అభ్యంతరం లేదు) అని సంతకం పెట్టకపోతే రెండో లాయరు కేసు కాగితాల కట్ట ముట్టుకోడు. ఒకరి వకాలత్ (కక్షిదారు తరఫున వాదించే అధికార పత్రం) ఉన్న కేసులో ఆయన సమ్మతి లేకుండా మరొకరు హాజరు కాకూడదన్న బార్ కౌన్సిల్ నిబంధన చూపిస్తారు. ఆ నిబంధన అక్కడితో ఆగదు. సమ్మతి రాకపోతే కారణాలు రాసి కోర్టుకు దరఖాస్తు పెట్టి, అనుమతి తీసుకుని హాజరు కావచ్చని కూడా అందులోనే ఉంది. కక్షిదారుకు ఈ మాట ఎవరూ చెప్పరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం కోర్టు అనుమతితో కక్షిదారే రాతపూర్వకంగా పాత వకాలత్ రద్దు చేసుకోవచ్చు.

ఫీజు బాకీ ఉందని కట్ట ఇవ్వకపోవడం మరో చిక్కు. బాకీ కోసం కేసు కాగితాలు పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. అయినా కట్ట కోసం ఆయన గుమ్మం చుట్టూ తిరగడం కంటే కోర్టులో నకళ్లకు దరఖాస్తు పెట్టడం మేలు. దావా, జవాబు దావా, ఐఏల (మధ్యంతర దరఖాస్తుల) మీద ఉత్తర్వులు, దాఖలైన దస్తావేజులు చేతిలో ఉంటే కొత్త లాయరు కూర్చున్నచోటే కేసు అంచనా వేయగలడు. ఉత్త చేతులతో వెళితే వినేవారుండరు.

ఈలోగా గడువులు దాటిపోతాయి. సమన్లు అందాక జవాబు దావాకు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు. గడువు మీరిన కేసును లాయర్లు వద్దనడంలో అర్థముంది. ఆలస్యం మాఫీ పిటిషన్ కొట్టేస్తే నింద పడేది తమ మీదే.

ఎదుటి పక్షం పోలీసో, ఊరి పెద్దో, తోటి వకీలో అయినప్పుడు తప్పించుకోవడాన్ని మాత్రం సమర్థించలేం. తన స్థాయికి తగిన ఫీజు ఇస్తే కేసు తీసుకోవాలనీ, ప్రత్యేక పరిస్థితుల్లోనే కాదనవచ్చనీ బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. మొహమాటం ప్రత్యేక పరిస్థితి కాదు. ఇలాంటప్పుడు ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100. పక్క ఊరి ప్యానెల్ లాయరును (ఆ సంస్థ జాబితాలోని వకీలును) కేటాయించమని రాతపూర్వకంగా అడగాలి.

కోర్టుల వైపు నుంచి కావలసింది ఒక్కటే. నో అబ్జెక్షన్ లేదని కొత్త వకాలత్‌ను కోర్టు ఆఫీసులోనే తిప్పి పంపకూడదు. కారణాలతో పెట్టిన దరఖాస్తు జడ్జి ముందుకు వెళ్లాలి, తదుపరి వాయిదాకు ముందే ఉత్తర్వు రావాలి.