ఉత్తరంతో వచ్చిన కుక్క

పిలక మా ఇంటికి వచ్చిన రోజున దానితో పాటు రెండు నూలు స్వెటర్లు, సగం వాడిన సన్‌స్క్రీన్ ట్యూబు, చేతిరాతతో నాలుగు పేజీల ఉత్తరం వచ్చాయి. మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ శివార్లలో ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలు, కుక్కలను రానివ్వని వృద్ధాశ్రమానికి మారవలసి వచ్చి, తొమ్మిదేళ్ల ఆ ఆడకుక్కను చిన్న జాతి కుక్కలను ఆదుకునే ఒక సంస్థకు అప్పగించారు. ఆమె ఎవరో సంస్థవారు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆమె చేతిరాత మాత్రం ఐదేళ్ల పాటు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. "దీనికి ఉన్ని పడదు, పొట్ట కింద ఎర్రబడుతుంది" అని మొదటి పేజీలో రాశారు. "ఎడమవైపు కోరపన్ను కదులుతోంది, గట్టి బిస్కెట్లు పెట్టకండి" అని రెండో పేజీలో ఉంది. "ఉరుము వినబడితే స్నానాల గదిలో దాక్కుంటుంది. బయటకు లాగకండి, తలుపు తెరిచి ఉంచండి, అదే వస్తుంది" అన్నది చివరి పేజీలోని మాట.

పెంచిన కుక్కను ఇంకొకరికి ఇచ్చెయ్యడం ద్రోహమని నమ్మే ఇంట్లో పెరిగాను నేను. ఇచ్చెయ్యడంలో కూడా ఇంత శ్రద్ధ ఉండవచ్చునని ఆ నాలుగు పేజీలు చదివాకే తెలిసింది. మన తెలుగు సంఘంలో చిన్న కుక్కలను పెంచుకుంటున్న కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. వాటిలో కొన్ని ఏదో ఒక వారాంతంలో, చుట్టుపక్కల ఎవరికీ తెలియకుండా, ఇల్లు దాటి వెళ్లిపోవడం కూడా కొత్త కాదు. ఆ గుట్టు గురించే ఈ వ్యాసం.

పిలక చైనీస్ క్రెస్టెడ్ జాతిది. నాలుగున్నర కిలోల ఒంటి మీద బూడిద రంగు మచ్చలున్న నున్నటి చర్మం తప్ప మరేమీ లేదు. నడినెత్తిన తెల్లటి కుచ్చు, తోక చివర మరో కుచ్చు, పాదాలకు మేజోళ్లు తొడిగినట్టు కాస్త బొచ్చు, అంతే. "తిరుపతిలో గుండు చేయించుకుని పిలక మాత్రం ఉంచుకున్నట్టుంది" అని మా అబ్బాయి అనడంతో పాత పేరు పోయి ఆ పేరు స్థిరపడింది. తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన మా అత్తగారు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయి, "దీనికి గజ్జి పట్టిందేమిటే?" అన్నారు. ఆవిడను తప్పు పట్టలేము. మన ఊళ్లలో బొచ్చు ఊడిన కుక్క కనిపిస్తే ఎవరికైనా తట్టేది గజ్జే, రాయి అందుకునేదీ అందుకే.

అదే అత్తగారు రెండు వారాలు తిరిగేసరికి, చలికి పట్టేసిన తన మోకాలి పక్కన దాన్ని పడుకోబెట్టుకుని టీవీ చూడడం మొదలుపెట్టారు. బొచ్చులేని కుక్కకు ఒంటి వేడి ఎక్కువని చాలామంది అనుకుంటారు కాని, అన్ని కుక్కలలాగే దానిదీ సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. మధ్యలో బొచ్చు అడ్డం లేకపోవడం వల్ల ఆ వేడి నేరుగా చేతికి తగులుతుంది. మెక్సికోలో షోలో అనే బొచ్చులేని కుక్కను కీళ్ల నొప్పులకు కాపడంలాగా వాడుకునేవారన్న సంగతి మావారు చెబితే, "మరి నేను చేస్తున్నదీ అదేగా" అన్నారావిడ.

ఈ జాతి మన ఇళ్లలోకి రావడానికి కారణం చాలాసార్లు ఒకటే: వెంట్రుకలు రాలవు. తివాచీ మీద, పూజగదిలో, అన్నంలో బొచ్చు కనబడదు. పిల్లవాడికి అలర్జీ ఉన్నా ఫరవాలేదు. ఇందులో మొదటి మాట నిజం, రెండోది సగమే నిజం. కుక్కల వల్ల వచ్చే అలర్జీకి మూలమైన ప్రోటీన్లు వాటి లాలాజలంలోను, చర్మం నుంచి రాలే పొట్టులోను ఉంటాయి. లాలాజలం, చర్మం లేని కుక్కను ఇంతవరకు ఎవరూ పుట్టించలేదు. ఇక శ్రమ సంగతికి వస్తే, దువ్వెన పని తగ్గినంత మాత్రాన చాకిరీ తగ్గదు. పిలకకు వారానికొకసారి గోరువెచ్చటి నీళ్లతో స్నానం, వీపు మీద పదిహేనేళ్ల కుర్రాడి ముఖం మీద వచ్చినట్టే వచ్చే నల్లటి మొటిమలను మెత్తటి గుడ్డతో తుడవడం, జూలైలో పెరట్లోకి వదిలే ముందు వీపుకు, చెవులకు సన్‌స్క్రీన్ రాయడం తప్పనిసరి. ఆ సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ ఉండకూడదు, ఎందుకంటే కుక్క ఒంటికి రాసినదాన్ని నాకుతుంది, జింక్ దాని కడుపులోకి పోతే విషం. మిషిగన్ జనవరిలోనైతే స్వెటరు వేసి గుమ్మం బయట నిలబెడితే, ఒక కాలు పైకెత్తి, మనవైపు చూసి, వచ్చిన పని పూర్తి చెయ్యకుండానే లోపలికి వచ్చేసేది.

పళ్ల కథ ఇంకా పెద్దది. ఈ కుక్కలలో బొచ్చు రాకుండా చేసేది ఫాక్స్ ఐ3 అనే జన్యువులో వచ్చిన మార్పు అని 2008లో శాస్త్రవేత్తలు గుర్తించారు. మెక్సికో, పెరూ దేశాల బొచ్చులేని కుక్కలలోను అదే మార్పు ఉంది. ఆ జన్యువు బొచ్చుతో పాటు పళ్ల మీద కూడా పనిచేస్తుంది కనుక, మామూలు కుక్కకు 42 పళ్లు ఉండే చోట వీటికి చాలా పళ్లు పుట్టుకతోనే రావు, వచ్చినవి తొందరగా కదులుతాయి. పిలకకు మా ఇంటికి వచ్చేటప్పటికి పంతొమ్మిది ఉండేవి. వాటిలో ఎనిమిదింటిని పశువైద్యురాలు తీసేయవలసి వచ్చింది, ఆ బిల్లు మా కారుకు నాలుగు టైర్లూ మార్చిన ఖర్చును మించింది. ఆ తరువాత నాలుక ఒక పక్కకు వేలాడుతూ ఉండిపోయింది. మెత్తగా కలిపిన ఆహారంతో పాటు రోజుకొక చెంచా పెరుగన్నం తినడం అత్తగారి దగ్గరే అలవాటు చేసుకుంది. ఆవిడ ప్రేమతోనే ఒకసారి చక్కెర పొంగలి పెట్టబోయారు. అందులో కిస్‌మిస్ ఉందని చూసి పరుగున వెళ్లి లాక్కున్నాను. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను చెడగొడతాయి. మన వంటింటిలో నేల మీద పడే వాటిలో సగం దానికి హానికరమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ జన్యువు మార్పు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా అందిన పిండం పుట్టదు, గర్భంలోనే పోతుంది. అందువల్ల పుట్టిన ప్రతి బొచ్చులేని పిల్లలోను ఆ మార్పు ఒకవైపు నుంచే ఉంటుంది, ఒకే ఈతలో ఒళ్లంతా బొచ్చుండే పౌడర్‌పఫ్‌లు కూడా పుడతాయి. అమ్మకం కోసం కుక్కలతో పిల్లలు పెట్టించేవారికి పౌడర్‌పఫ్ అంటే గిట్టుబాటు కాని సరుకు, బొచ్చులేని ఆడకుక్క అంటే యంత్రం. ఇలాంటి చోట్ల వాడిపారేసినవి కూడా రక్షణ సంస్థలకు చేరుతుంటాయి. కాలిఫోర్నియాలో ప్రపంచంలోకెల్లా వికారమైన కుక్కకు బహుమతి ఇచ్చే పోటీ జరుగుతుంది. 2003 నుంచి 2005 దాకా వరసగా మూడేళ్లు శామ్ అనే గుడ్డి చైనీస్ క్రెస్టెడ్ గెలిచింది. 2023లో గెలిచిన స్కూటర్‌దీ అదే జాతి: వెనక కాళ్లు వంకరగా పుట్టినందుకు చంపించమని ఇచ్చేస్తే ఒక సంస్థ కాపాడింది, ఏళ్ల తరబడి పెంచిన తొలి యజమాని ఇక తన వల్ల కాదన్నప్పుడు రెండో ఇంటికి చేరింది. పత్రికలు దాని రూపాన్ని చూసి నవ్వాయి. నాకు మాత్రం తన వల్ల కాదని సమయానికి చెప్పగలిగిన ఆ మొదటి మనిషి గుర్తుండిపోయాడు.

పిలక పద్నాలుగో ఏట, మూత్రపిండాలు పనిచెయ్యక పోయింది. ఆఖరి మూడు రోజులు నేలలో వేడిగాలి వచ్చే జాలీ పక్కనుంచి లేవలేదు. ఇక బాధ పడనివ్వవద్దని నిర్ణయించుకున్న సంగతి అత్తగారికి వాట్సాప్‌లో చెబితే, కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆకలితో పోలేదు కదా?" అని మాత్రం అడిగారు. ముందు రోజు రాత్రి ఒక చెంచా పెరుగన్నం తిన్నదని చెప్పాను. నిజానికి నాకింది, తినలేదు.

ఆ తరువాత ఏడాదికి, మన సంఘంలోనే ఉన్న ఒక చిన్న జంట నాకు ఫోన్ చేశారు. వాళ్ల దగ్గర లడ్డు అని నాలుగేళ్ల మగకుక్క, అదీ చైనీస్ క్రెస్టెడే, రెండేళ్ల క్రితం ఒక రక్షణ సంస్థ నుంచి తెచ్చుకున్నది. అబ్బాయికి ఉద్యోగం పోయింది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులని ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది నలభై తొమ్మిదో రోజున. "ఆంటీ, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తామని పెట్టాము, ఇవాళ ఒకాయన వచ్చి తీసుకెళతానన్నాడు, ఎందుకో భయంగా ఉంది" అంది. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా లేదా. ఎందుకు అడిగాడో, అమ్మకం కోసం కుక్కలతో పిల్లలు పెట్టించేవారి గురించి పైన చదివినవారికి అర్థమవుతుంది.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే నలుగురూ ఏమంటారోనని, అంది. ఏమంటారో నాకూ తెలుసు, ఎందుకంటే మన విందుల్లో నేను విన్నాను: "ధర్మరాజు స్వర్గం వద్దన్నాడు గాని కుక్కను వదిలిపెట్టలేదు" అని. ధర్మరాజుకు దారిలో ఇమిగ్రేషన్ అధికారులు తగలలేదు. కుక్కను ఇండియాకు తీసుకుపోవడం అసాధ్యమని కాదు. రెండేళ్లకు మించి విదేశంలో ఉండి మకాం మార్చుకుని వెళ్లేవారు కుక్కను వెంట తీసుకువెళ్లవచ్చు. దానికి మైక్రోచిప్, రేబిస్ టీకా, ప్రభుత్వ ముద్రతో ఆరోగ్య ధ్రువపత్రం, భారతదేశపు జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చే అనుమతి పత్రం కావాలి. హైదరాబాదులోను ఆ విభాగం ఉంది. కాని ఆ కాగితాలు ముందుగా మొదలుపెడితేనే అందుతాయి, పదకొండు రోజుల్లో కాదు. తిరిగి వచ్చే ఆశ ఉన్నవారికి ఇంకో చిక్కు: 2024 ఆగస్టు 1 నుంచి అమలవుతున్న అమెరికా నిబంధనల ప్రకారం రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది కనుక, బయలుదేరే ముందే ఇక్కడి టీకాకు అధికారిక ధ్రువపత్రం చేయించుకోకపోతే కుక్కతో తిరిగి రావడం మరీ కష్టం.

వీసా మీద ఉన్నవాళ్లు అసలు కుక్కను తెచ్చుకోవడమే తప్పు అనే పెద్దలున్నారు. ఆ మాటలో కొంత న్యాయముందని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. కాని గ్రీన్ కార్డు కోసం మనవాళ్లు ఎదురుచూసే కాలం కుక్క ఆయుష్షు కన్నా పెద్దది. ఆ లెక్కన ఒక తరం మొత్తం కుక్క లేకుండా ముసలివాళ్లు కావాలి, రక్షణ సంస్థల గదుల్లో ఉన్న కుక్కలు అక్కడే ఉండిపోవాలి. నేను తప్పు పట్టేది తెచ్చుకోవడాన్ని కాదు, ఇచ్చెయ్యడాన్నీ కాదు. నలభై తొమ్మిది రోజుల మౌనాన్ని, ఆ మౌనానికి కారణమైన మన నోళ్లను. జడిసి దాచిపెట్టిన ప్రతి వారం కుక్కకు దొరకగలిగిన ఒక మంచి ఇంటిని దూరం చేస్తుంది. బొచ్చులేని కుక్క విషయంలో ఇది రెండింతలు, ఎందుకంటే కొత్తవారు దాని చర్మం, పళ్లు, చలి, తిండి అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి, ఆ పాఠం పార్కింగ్ స్థలంలో తాడు చేతికిచ్చి వెళ్లే ఐదు నిమిషాల్లో చెప్పేది కాదు.

లడ్డును తెచ్చుకునేటప్పుడు వాళ్లు సంతకం చేసిన ఒప్పందం తీయించి చూశాను. ఎప్పుడు ఉంచుకోలేకపోయినా తమకే తిరిగి అప్పగించాలని అందులో స్పష్టంగా ఉంది. చాలా రక్షణ సంస్థల ఒప్పందాల్లో ఈ షరతు ఉంటుంది. ఫోన్ చేస్తే తిడతారని వాళ్లు భయపడ్డారు. తిట్టలేదు. కొత్త ఇల్లు దొరికేదాకా మీ దగ్గర ఉంచుకోగలరా అని నన్ను అడిగారు. మూడు వారాలు మా ఇంట్లో ఉన్నాడు లడ్డు.

విమానాశ్రయం నుంచి కొత్తవారిని తీసుకురావడానికి మన సంఘంలో మనిషి దొరుకుతాడు, ఊరెళ్లినవారి తులసి మొక్కకు నీళ్లు పోయడానికీ దొరుకుతాడు. కొన్ని వారాల పాటు ఒక కుక్కను ఉంచుకోగల ఇళ్ల జాబితా ఒకటి కార్యవర్గం దగ్గర ఉంటే, పేర్లు గుట్టుగా ఉంచి అడిగినవారికి చెబితే, దానికి అయ్యే ఖర్చేమీ లేదు. మా ఇంటి పేరు మొదట రాసుకోండి.

లడ్డును పంపే ముందు పిలకతో వచ్చిన ఉత్తరాన్ని ఆ జంటకు చూపించాను. వాళ్లు రెండు రాత్రులు కూర్చుని తమ ఉత్తరం రాశారు. చివర ఒక పట్టిక ఉంది, ఎందుకంటే లడ్డుకు ఇంగ్లిషు రాదు: 'దా' అంటే రమ్మని, 'వద్దు' అంటే ఆగమని, 'అన్నం' అంటే ఏమిటో వివరించనక్కరలేదని, ఇంగ్లిషు అక్షరాలలో ఉచ్చారణతో సహా. మిషిగన్‌లోనే కలమజూ అనే ఊరి దగ్గర ఉండే ఒక విశ్రాంత నర్సు వచ్చి, ఆ ఉత్తరాన్ని మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివి, వాడిని తీసుకువెళ్లారు.

పది రోజుల తరువాత ఆమె నుంచి ఫోన్ వచ్చింది. అంతా బాగానే ఉందట, కాని పట్టికలో ఒక మాట తప్పిపోయిందట: రాత్రి దిండు మధ్యలో పడుకుంటే పక్కకు కదలమని ఎలా చెప్పాలి? హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోయిన ఆ జంటకు ఫోన్ కలిపాను. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఆ అబ్బాయి గొంతు సవరించుకుని, "'జరుగు నాన్నా' అనేవాళ్లమండీ" అన్నాడు. ఆ మాటను నేను కలమజూకు చేరవేశాను. మర్నాడు ఆమె మెసేజ్ పెట్టారు: సగం దిండు వదిలాడట.