ఎడ్గార్ వాలెస్ గారి పొదుపు సూత్రాలు

ఫోన్ తెరిస్తే చాలు, డబ్బు దాచడం నేర్పే గురువులు మీద పడుతున్నారు. సిప్ కట్టమంటారు, టర్మ్ పాలసీ తీసుకోమంటారు, బయట టీ తాగొద్దంటారు. వీళ్లలో ఒక్కరూ ఎడ్గార్ వాలెస్ పేరు ఎత్తకపోవడం ఘోరమైన అన్యాయమని మనవి. 170కి పైగా నవలలు రాసి, అవి వేడి పకోడీల్లా అమ్ముడుపోతుండగానే అప్పుల్లో కన్నుమూసిన ఆంగ్ల రచయిత ఆయన. అంత రాబడితో అప్పుల్లో పోవాలంటే ఎంత క్రమశిక్షణ కావాలి!

పుట్టింది 1875 ఏప్రిల్ 1న, లండన్ గ్రీనిచ్‌లో (తేదీ నా కల్పన కాదు). నాటకాల్లో వేషాలు వేసే తల్లి, బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్ కూలీ ఇంటికి పెంపకానికి ఇచ్చేసింది. పదకొండేళ్లకే లడ్గేట్ సర్కస్ కూడలిలో పేపర్లు అమ్మాడు. తర్వాత సిపాయిగా దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ బ్రిటిష్ వాళ్లకీ డచ్చి సంతతి బోయర్లకీ జరిగిన బోయర్ యుద్ధంలో విలేకరి అయ్యాడు.

1902లో అక్కడి వెరీనిగింగ్‌లో ఆ యుద్ధం ఆపే సంధి చర్చలు. బ్రిటిష్ సేనాపతి కిచెనర్ దొర విలేకర్లను ఆ దరిదాపులకు రానివ్వలేదు. వాలెస్ రోజూ రైలెక్కి శిబిరం పక్కనుంచి అటూ ఇటూ తిరిగాడు. కాపలాలో ఉన్న పాత సిపాయి మిత్రుడు రైలు వచ్చే వేళకి ముక్కు తుడుచుకునేవాడు. రుమాలు ఎర్రదైతే ఏమీ తేలలేదని, నీలమైతే బేరం సాగుతోందని, తెల్లదైతే సంతకాలు అయిపోయాయని అర్థం. తెల్ల రుమాలు కనబడగానే వార్త, షేర్ల కొనుగోలు టెలిగ్రాం వేషంలో సెన్సారు కళ్లు కప్పి ఆయన పత్రిక డైలీ మెయిల్‌కి చేరింది. మండిపడ్డ కిచెనర్ ఆయన యుద్ధ విలేకరి గుర్తింపు పీకించాడు. చరిత్రలో ఇంత ఫలించిన జలుబు మరొకటి లేదు.

అసలు పాఠం 1905లో ఉంది. సొంత ఖర్చుతో ‘ఫోర్ జస్ట్ మెన్’ అనే నవల అచ్చేశాడు. తలుపులేసిన గదిలో మంత్రి ఎలా హతమయ్యాడో చెప్పిన పాఠకులకు 500 పౌండ్ల బహుమతులని ఊరంతా పోస్టర్లు అంటించాడు. ఎందరికి ఇస్తారన్నది మాత్రం రాయడం మర్చిపోయాడు. సరైన జవాబులు కుప్పలుగా వచ్చాయి, అందరికీ ఇవ్వాల్సిందే! పుస్తకం ఎంత అమ్ముడైతే అంత నష్టం. చివరికి డైలీ మెయిల్ పరువు పోతుందన్న టెన్షన్‌తో యజమాని హార్మ్స్‌వర్త్ డబ్బు సర్దాడు. హంతకుడి లెక్క తప్పకుండా పట్టుకునే మనిషికి కూడికలు మాత్రం రాలేదు.

తర్వాతదంతా మాటలు రికార్డయ్యే మైనపు సిలిండర్లలోకి కథలు చెప్పడం, సెక్రటరీలు టైపు చేయడం, చక్కెర దట్టించిన టీ, ఆగని సిగరెట్లు. వారాంతంలో నవల పూర్తయ్యేది, వచ్చిన డబ్బు గుర్రాల కాళ్ల కింద పడేది. పందేల మీద పత్రికల్లో రాసేవాడు. పాపం, తన రాతను తనే నమ్మేవాడు.

1931లో బ్లాక్‌పూల్‌లో పార్లమెంటుకు నిలబడి 33,000 పైచిలుకు ఓట్ల తేడాతో ఓడాడు. హాలీవుడ్ వెళ్లి ‘కింగ్ కాంగ్’ తొలి చిత్తుప్రతి రాస్తూ 1932 ఫిబ్రవరి 10న పోయాడు. అప్పులు రెండేళ్లలో రాయల్టీలే తీర్చేశాయి. పందెం కాసే మనిషి లేకపోతే ఎంత తేడానో చూడండి. మన డిటెక్టివ్ నవలల రచయిత కొమ్మూరి సాంబశివరావుని ‘ఆంధ్రా ఎడ్గార్ వాలెస్’ అన్నారు గానీ, అది నవలల వరకేనని ఆశిద్దాం.

పేపర్లు అమ్మిన ఆ లడ్గేట్ కూడలిలోనే ఇప్పుడు ఆయన స్మారక ఫలకం ఉంది. కలిమీ లేమీ రెండూ ఎరిగినవాడని దాని మీద చెక్కారు. ఎన్నెన్నిసార్లు ఎరిగాడో చెక్కడానికి చోటు చాలినట్టు లేదు.