అరచేతిలో సింహాసనం

అరచేతిలో వైకుంఠం చూపించే నాయకులు మనకి కొత్త కాదు గానీ, అరచేతిలో ఏకంగా రాజునే చూపించిన ఘనత మాత్రం దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ గారిదే. 2021 అక్టోబర్ 1న, అధ్యక్ష ఎన్నికలకి పార్టీ అభ్యర్థిని తేల్చే టీవీ చర్చలో ఆయన చెయ్యి ఊపుతుంటే అరచేతిలో పెన్నుతో గీసిన చైనా అక్షరం కెమెరాకి చిక్కింది. మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువుగీత. కొరియాలో ‘వాంగ్’ అని చదువుతారు, అంటే రాజు. పాత వీడియోలు తిరగేస్తే అంతకుముందు రెండు చర్చల్లోనూ ఉంది.

అందరూ నవ్వారు. నేను మాత్రం యూన్ గారి పక్షమే. పొరుగింటి పెద్దావిడ అభిమానంతో రాసింది, శానిటైజర్ పెట్టి తుడిచినా పోలేదు అని ఆయన మనుషులు చెప్పారు కదా! మరి చేతులు కడుక్కోరా అంటే, ఎక్కువగా వేళ్లే కడుక్కుంటారేమో అని ప్రతినిధి ఒకాయన రేడియోలో సెలవిచ్చారు. అదీ కోవిడ్ రోజుల్లో.

అసలు ఆ అక్షరమే సామాన్యమైంది కాదు. ఆకాశాన్నీ, మనిషినీ, భూమినీ కలిపేవాడే రాజు అని పాత చైనా పండితుల వివరణ. ఎముకల మీద చెక్కిన దాని ప్రాచీన రూపం చూసినవాళ్లు మాత్రం అది గొడ్డలి బొమ్మ అంటారు. కొరియాని జోసోన్ రాజవంశం ఏలిన కాలంలో జో గ్వాంగ్ జో అనే సంస్కర్తంటే గిట్టనివాళ్లు, ‘జో రాజవుతాడు’ అని అర్థమొచ్చేలా ఆకుల మీద తేనెతో రాసి, పురుగుల చేత తినిపించి, వాటిని రాజుకి చూపించారని కథ. కథ మాటెలా ఉన్నా 1519లో మొదలైన వేటలో విషంతో ఆయన ప్రాణమైతే పోయింది. పురుగులు రాస్తే విషం, బామ్మ రాస్తే పదవి. కాలం మారింది మరి.

2022 మార్చిలో యూన్ గారు ఒక్క శాతం కూడా లేని తేడాతో గెలిచారు. అక్షరం పనిచేసింది. ఎంతలా అంటే, 2024 డిసెంబర్ 3 రాత్రి టీవీలోకొచ్చి మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించేశారు, ఎంపీలు పార్లమెంటు గోడలు దూకి లోపలికెళ్లి 190–0 ఓట్లతో దాన్ని కొట్టేశారు, తెల్లారేసరికి అంతా హుళక్కి. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానంలో ఎనిమిదికి ఎనిమిది మంది జడ్జీలూ ఒక్కమాట మీద ఆయన్ని ఇంటికి పంపారు. దీనికి అక్షరాన్ని తిడితే ఎలా? రాజు అంది గానీ ఎన్నాళ్లో చెప్పలేదు కదా.

1392లో కొరియాలో కొర్యో రాజ్యం కూలాక, దాన్ని ఏలిన వాంగ్ ఇంటిపేరువాళ్లని కొత్త ప్రభువులు వెంటాడితే, కొందరు ఆ అక్షరానికి ఒక చుక్క తగిలించి ‘ఓక్’ అయిపోయి బతికిపోయారని చెప్పుకుంటారు. చుక్క పడితే రాజు కాస్తా జేడ్ రాయి అవుతాడు. వచ్చే ఎన్నికలకి పెన్ను పట్టుకుని బయల్దేరే బామ్మలూ, ఆ చుక్క మర్చిపోకండి.